కలకత్తా మైదానంలో హైదరాబాదు ఆటగాళ్లు

దిండి వద్ద వశిష్ఠ గోదావరి వెడల్పు తక్కువేమీ కాదు. అయినను దానిని దాటిపోవుట కోనసీమవారిని ఏనాడూ బెదిరించలేదు. పడవల కాలంలో పడవమీద, వంతెన వచ్చిన తరువాత వంతెనమీద చించినాడ చేరి, అక్కడినుండి లోకంలో ఎక్కడెక్కడికో పోయినారు. ఒకప్పుడు ఈ తీరాన ఓడలెక్కి రంగూను చేరిన తెలుగువారిని బర్మావారు 'కోరంగీలు' అని పిలిచినారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరు ఆ విధంగా ఒక జనసమూహానికే పేరైపోయినది. తరువాతి తరాలవారు గల్ఫ్ దేశాలకు పోయినారు. పొలమూ కొబ్బరితోటా ఇచ్చే రాబడి చాలనప్పుడు మనిషి తన చేతిపనిని వేరొకచోట అమ్ముకొనుట మనకు తెలిసిన సంగతే. చేతిపనిని కాక కాలిపనిని అమ్ముకొనుటకు బయలుదేరినవారి కథ మాత్రం మనవారిలో చాలమందికి తెలియదు. తెలుగునేలమీద పుట్టి, ఫుట్‌బాల్ ఆట ఒక్కటే మూలధనంగా కలకత్తా చేరినవారి కథ అది.

ఈ విషయంలో ముందుగా ఒక దూరదేశపు ముచ్చట చెప్పుకొనుట మంచిది. అమెరికా సంపదకు పుట్టినిల్లు. ప్రపంచమంతా అక్కడికి బ్రతుకబోవును. అట్టి అమెరికానుండి కొందరు యువకులు బ్రతుకు వెదకుకొంటూ ఇటలీ పోవుచున్నారన్నచో నమ్మశక్యం కాదు. కాని ఫుట్‌బాల్ లోకంలో పటం వేరు. అందులో ఇటలీ నాలుగుసార్లు ప్రపంచకప్పు గెలిచిన సంపన్న దేశం, అమెరికా నిన్నమొన్నటివరకు బీదది. 1994లో ప్రపంచకప్పు పోటీలు అమెరికాలోనే జరిగినవి. అందులో పేరు తెచ్చుకొన్న అలెక్సీ లాలాస్ అనే ఎర్రగడ్డపు ఆటగాడు ఆ ఏడే ఇటలీలోని పాదోవా నగరపు జట్టులో చేరినాడు. ఇటలీ పెద్ద లీగులో ఆధునిక కాలంలో ఆడిన తొలి అమెరికన్ అతడేనని చెప్పుదురు. అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 2009లో ఓగుచీ ఒన్యేవూ అనే బలశాలి మిలాన్ జట్టువారితో ఒప్పందం చేసుకొని, మోకాలి గాయం పాలై, లీగులో ఒక్క ఆటయినా ఆడకుండానే ఆ జట్టు విడిచి వెళ్లిపోయినాడు. 2020లో వెస్టన్ మెకెన్నీ యువెంటస్‌లోను, 2023లో క్రిస్టియన్ పులిసిక్ మిలాన్‌లోను చేరి నిలద్రొక్కుకొన్నారు. ఇంటివద్ద వీరు ఎంతటి వీరులైనను ఇటలీలో అడుగుపెట్టిన మొదటిదినాన పరీక్షకు కూర్చున్న విద్యార్థులే.

మన దేశంలో ఫుట్‌బాల్‌కు ఇటలీవంటిది కలకత్తా. 1889లో మోహన్ బగాన్, 1891లో మహమ్మదన్ స్పోర్టింగ్, 1920లో ఈస్ట్ బెంగాల్ అక్కడ వెలసినవి. కలకత్తా లీగు 1898లో మొదలైనది. ఆసియా ఖండంలో అంతటి పాత లీగు మరొకటి లేదు. 1911లో మోహన్ బగాన్ వారు దాదాపు అందరూ వట్టి కాళ్లతో ఆడి, బూట్లు తొడిగిన ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2–1 గోళ్లతో ఓడించి షీల్డు గెలిచిన ఘట్టాన్ని బెంగాలీలు స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఒక అధ్యాయంగానే పరిగణింతురు. ఆట అంటే అంత ప్రాణం పెట్టే నగరం మంచి ఆటగాడు ఎక్కడున్నా వెదకి తెచ్చుకొనక మానదు.

1949 ప్రాంతాన ఈస్ట్ బెంగాల్ ముందువరుసలో ఐదుగురుండేవారు: సాలే, అప్పారావు, వెంకటేశ్, అహమ్మద్ ఖాన్, ధనరాజ్. ఐదుగురూ దక్షిణాదివారే. బెంగాలీ ప్రేక్షకులు వారిని 'పంచపాండవులు' అని ముద్దుగా పిలుచుకొన్నారు. ఆ ఏడు లీగు, షీల్డు, రోవర్స్ కప్పు మూడింటినీ ఆ జట్టు గెలిచినది. మహాభారతంలో పాండవులు అజ్ఞాతవాసానికి పరుల రాజ్యం చేరినారు. ఈ పాండవులు పరుల రాజ్యం చేరిన తరువాతనే జ్ఞాతులైనారు. వీరిలో అప్పారావును గూర్చి మన పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యమైనా లేకపోవుట విచారకరం.

కలకత్తావారి చూపు హైదరాబాదుమీద గట్టిగా నిలుచుటకు కారణం ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడుగా పనిచేసినాడు. తరువాత వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటలు చూచుకొన్నాడు. అందుచేతనే ఆయనను తుదివరకు లోకమంతా 'రహీం సాహెబ్' అని గౌరవంతో పిలిచినది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకుడు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1950లోను, 1954లోను డ్యూరాండ్ కప్పుకూడ వారికే దక్కినది.

ఆయన పద్ధతి ఉపాధ్యాయ పాఠకులకు ప్రత్యేకంగా రుచించగలదు. ఆ రోజుల్లో మన ఆటగాళ్లకు బంతి దొరికినచో దానిని వదలబుద్ధి పుట్టేదికాదు. నలుగురిని తప్పించి ఐదవవానికి చిక్కువరకు తామే నడుపుకొనిపోయేవారు. రహీం డ్రిబ్లింగు పూర్తిగా నిషేధించిన పోటీలు ఏర్పాటుచేసినాడు. బంతి తగులగానే మరొకరికి అందింపవలెను, అంతే. మరికొన్ని పోటీలలో వాటంలేని కాలితో మాత్రమే ఆడవలెనని నియమం. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. వ్యాకరణంలో బలహీనుడైన విద్యార్థిచేత నెలరోజులు వ్యాకరణమే చేయించు పంతులు పద్ధతి ఇది. ఆనాడు వినోదంగా కనబడిన ఈ నియమాలే తరువాత భారతజట్టుకు ఆయువుపట్టులైనవి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారతదేశం ఇరానును 1–0తో ఓడించి స్వర్ణం గెలిచినది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగవ స్థానం పొందినది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలైన హైదరాబాదువారు పలువురున్నారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి మరల ఆసియా స్వర్ణం. అప్పటికే రహీం క్యాన్సరుతో క్షీణించియున్నాడు. 1963 జూన్ 11న ఆయన మరణించినాడు. ఆరు దశాబ్దాలు గడచిన తరువాత, 2024లో, 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చి ఆయన పేరును క్రొత్త తరానికి వినిపించినది. చలనచిత్రం రావలసివచ్చినదంటే మనమెంత మరచినామో ఊహించుకొనవచ్చును.

ఇంత గొప్ప బడి ఇంటివద్దనే ఉండగా శిష్యులు కలకత్తా పోవుటెందుకు? ఈ ప్రశ్నకు జవాబు కడుపులో ఉన్నది. హైదరాబాదులో మంచి ఆటగాడికి దొరకగలిగినది పోలీసుశాఖలో ఒక చిన్న ఉద్యోగం, జట్టులో స్థానం. పేరున్నది, కప్పులున్నవి, రాబడి లేదు. కలకత్తాలో రైల్వేలు, పోర్టు, కస్టమ్స్, బ్యాంకులు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చేవి. ఆట పేరుకు ఔత్సాహికమే. జీతమని ఎవ్వరూ అనరు. అయినను పెద్ద క్లబ్బులు తమ ఆటగాళ్లకు బస, భోజనం, దారిఖర్చులు, ఏడాదికింతయని సొమ్ము సమకూర్చెడివి. సీజను తొలినాళ్లలో ఆటగాళ్లు క్లబ్బులు మారే దినాలు వచ్చినప్పుడు, తమవాడిని ఎదుటి క్లబ్బువారు ఎగరవేసుకొని పోవుదురేమోనని కార్యకర్తలు వారిని గుట్టుచోట్ల దాచియుంచేవారు. పెండ్లికొడుకును కూడ అంత జాగ్రత్తగా దాచరు!

ఇక ఆ పోయినవారికి ఎదురైన పరీక్ష ఏమి? మొదటిది నేల. హైదరాబాదు మైదానాలు గట్టినేల, బంతి ఎగిరిపడును. కలకత్తా లీగు వానకాలపు ఆట. గంగాతీరపు బురదలో బంతి అడుగుపెట్టినచోటే కూర్చుండును. పరుగెత్తువాని కాలుకూడ అంతే. వేసవిలో మేటి అయినవాడు ఆషాఢంలో అనామకుడు కావచ్చును. రెండవది భోజనం, భాష. మూడవది అన్నింటికంటె కఠినం: ప్రేక్షకులు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట జరుగుదినాన నగరం రెండుగా చీలును. గోలు వేసినవాని బొమ్మ ఇంట వ్రేలాడగట్టిన చేతులే మరువారం అతనిమీద రాయి విసరగలవు. ఊరివాడైతే ఏ మేనమామ ఇంటనో తలదాచుకొనును. పరదేశికి ఆ నీడ లేదు.

సికిందరాబాదు పొలిమేరనున్న అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఈ పరీక్షలన్నింటినీ దాటినవాడు. తమిళ కుటుంబం, బీదతనం. రహీం కంటబడి హైదరాబాదు జట్టులోనికి, ఇరవయ్యేండ్లకే మెల్‌బోర్న్‌కు పోయినాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరినాడు. ముందువరుసలో ఏ చోట నిలిపినను ఒదిగిపోవు నేర్పు అతనిది. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని ముగ్గురిని కలిపి చెప్పుట భారత ఫుట్‌బాల్‌లో ఒక నుడికారమైనది. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో హంగరీ వంటి మహాజట్టుకు ఎదురుగా మనకు వచ్చిన ఒక్క గోలు అతనిదే. పెరూకు ఎదురుగా వచ్చినదికూడ అతనిదే. రెండు ఆటలూ ఓడినాము. హంగరీతో 2–1, పెరూతో 3–1. అమెరికన్లు నేడు ఏ నేలమీద పేరుకొరకు పాటుపడుచున్నారో ఆ ఇటలీ నేలమీదనే అమ్ముగూడ కుర్రవాడు రెండు గోళ్లు చేసి వచ్చినాడన్నమాట.

1961లో అతడు ఈస్ట్ బెంగాల్ నాయకుడు. ఆ ఏడు లీగు ఆ జట్టుకు దక్కినది, షీల్డును మోహన్ బగాన్‌తో పంచుకొన్నది. 1962లో జకార్తా స్వర్ణం, అర్జున పురస్కారం. 1963లో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారినాడు. కొద్దికాలంలోనే ఊపిరితిత్తుల వ్యాధి పట్టుకొని ఇరవయ్యేడేండ్ల ప్రాయానికే ఆట ముగిసిపోయినది. గాయకుడికి గొంతు పోయినట్లు, పరుగుగానికి ఊపిరి పోయినది. మరియొకడైతే ఇల్లు చేరును. బలరాం చేరలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఒంటరిగా నివసించి, కుర్రవారికి ఆట నేర్పి, 2023 ఫిబ్రవరి 16న అక్కడివాడుగానే మరణించినాడు. అతని సహచరులైన గోస్వామి, బెనర్జీలకు పద్మశ్రీలు వచ్చినవి. అతనికి రాలేదు. బెంగాలు అతనిని హైదరాబాదువాడనుకొన్నది, హైదరాబాదు కలకత్తావాడనుకొన్నది. వలసపోయినవాడికి రెండు ఊళ్లుండుననుట సగమే నిజం. ఒక్కొక్కప్పుడు ఒక్కటికూడ ఉండదు.

గోలురక్షకుడు పీటర్ తంగరాజ్‌కూడ హైదరాబాదులో పుట్టినవాడే. ఆజానుబాహువు. సైన్యంలో చేరి అక్కడ మెరసి, కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడినాడు. అతని త్రోవ సైన్యపు త్రోవ గనుక అన్నవస్త్రాల చింత అతనిని అంతగా బాధించలేదు.

1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచినది. రాష్ట్రం పేరుమీద వచ్చిన గొప్ప విజయం అది. మరి కలకత్తావారు తమను ఓడించినవారిని చూచి ఊరకుందురా? 1966లో పదునేడేండ్ల మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్ చేరినాడు. హబీబ్ పొట్టివాడు, బక్కపలుచనివాడు. బలంలో గాని వేగంలో గాని తనకంటె మిన్నలు జట్టులోనే ఉండేవారు. కాని తొంభయ్యవ నిమిషంలో కూడ మొదటి నిమిషంలో వలెనే బంతివెంటబడువాడు. బెంగాలీలు అతనిని 'బడే మియా' అన్నారు. తమ్ముడు అక్బర్‌కూడ వచ్చి చేరినాడు. 1976లో మోహన్ బగాన్ పక్షాన ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన పదునేడు సెకన్లలో అక్బర్ వేసిన గోలు మైదానపు పురాణాలలో ఒకటి.

హబీబ్ గొప్పతనం మరొకచోట ఉన్నది. తోటివారందరూ బ్యాంకు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో చేతబట్టుకొని ఆడుచుండగా అతడు వచ్చిన ఉద్యోగాలను కాదని ఆటమీదనే బ్రతికినాడు. ఉద్యోగం ఉన్నవాడికి ఒకనాడు ఆట చెడినను మరునాడు జీతం వచ్చును. ఆటే ఉద్యోగమైనవాడికి ప్రతిదినమూ పరీక్షే. భారతదేశంలో తొలి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు అతడేనని పెద్దలనుట ఇందుకే. మన దేశంలో జాతీయలీగు 1996లోగాని పుట్టలేదు. ఆ చట్రం లేని కాలంలోనే ఒకడు వృత్తిధర్మాన్ని తనంతట తానే పాటించి చూపినాడు. మూడు పెద్ద క్లబ్బులలోను మారిమారి ఆడినాడు. ఎవరి చొక్కా తొడిగితే వారికి ప్రాణం పెట్టినాడు. అందుచేతనే మూడు పక్షాల ప్రేక్షకులూ అతనిని తమవాడనుకొన్నారు. బలరాంకు దొరకని సౌఖ్యం ఇది.

1977 సెప్టెంబరు 24. న్యూయార్కు కాస్మాస్ అనే అమెరికా క్లబ్బు పెలేను వెంటబెట్టుకొని కలకత్తా వచ్చినది. ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆట. వాన కురిసి మైదానం చిత్తడి. ఆట 2–2తో సమానమైనది. మోహన్ బగాన్ గోళ్లలో ఒకటి శ్యాం థాపాది, రెండవది హబీబ్‌ది. ఆ కాస్మాస్ జట్టులో మరొక విశేషమున్నది. అందు పేరుమోసిన జార్జియో కినాలియా ఇటాలియన్. 1974లో లాజియో జట్టును ఇటలీ విజేతగా నిలిపి, 1976లో అమెరికాకు వలసపోయినాడు. అమెరికన్లు ఇటలీవైపు నడచుటకు ఎంతోముందే ఒక ఇటాలియన్ ఎదురు నడచినాడు. పెద్దచోటినుండి చిన్నచోటికి పోవువానికి ముందే గద్దె వేసియుంచుదురు, చిన్నచోటినుండి పెద్దచోటికి పోవువాడు గుమ్మంలో నిలువవలెను. హబీబ్ గుమ్మంలో నిలిచి గద్దె ఎక్కినవాడు.

1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారతజట్టులో హబీబ్ ఉన్నాడు. దాని నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడ హైదరాబాదువాడే, కలకత్తాలో స్థిరపడి ఆటగాడుగా, శిక్షకుడుగా పేరుపొందినవాడే. ద్రోణాచార్య, అర్జున పురస్కారాలు రెండూ అందుకొన్నాడు. వారి వెనుక షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ మొదలైనవారు అదేదారిన పోయినారు. షబ్బీర్ నాయకత్వాన 1974లో భారత యువజట్టు ఇరానుతోబాటు ఆసియా విజేత అయినది. హబీబ్ ఆట మానిన తరువాత జంషెడ్‌పూరులోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో బాలురకు నేర్పినాడు. చివరికి హైదరాబాదు చేరి, జ్ఞాపకశక్తి క్షీణించిన వ్యాధితో కొన్నేండ్లు గడిపి, 2023 ఆగస్టు 15న కన్నుమూసినాడు. బలరాం పోయిన ఆరు నెలలకు.

వీరంతా తెలుగువారా అని కొందరడుగవచ్చును. ఇంట ఉర్దూ మాట్లాడినవారు, తమిళం మాట్లాడినవారు ఎక్కువ. తెలుగునేల మట్టి కాళ్లకంటించుకొని ఆట నేర్చినవాడిని మనవాడనుటకు ఛందోవ్యాకరణాలు వచ్చియుండవలెనా? కోరంగి ఓడలెక్కినవారిలో కూడ అన్ని కులాలవారు, అన్ని మాటలవారు ఉన్నారు. రంగూనులో అందరికీ పేరు ఒక్కటే.

ఆటగాళ్లు తరలిపోవుటవలన హైదరాబాదు చితికినదా, లేక హైదరాబాదు చితుకుటవలన ఆటగాళ్లు తరలిపోయినారా? రెండవదే ఎక్కువ నిజమని తోచును. రహీం బ్రతికియున్నంతకాలం ఎందరు పోయినను వెనుకనుండి మరికొందరు వచ్చెడివారు. 1961లో కూడ ఆంధ్ర పోలీసు జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచినది. చెరువునుండి కాలువలు ఎన్ని పారినను ఊట ఉన్నంతవరకు భయం లేదు. ఊట ఆయనతో పోయినది. భారతజట్టు 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అడుగుపెట్టలేదు. 2019లో హైదరాబాదు పేరుతో ఒక క్లబ్బు ఏర్పడి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచినది. ఆ క్లబ్బే 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. వెనుక ఆటగాళ్లు వలసపోయేవారు, ఇప్పుడు జట్టుకు జట్టే వలసపోయినది.

దేశం దాటిపోవు సాహసం మన ఆటగాళ్లలో బహుకొద్దిమందిది. 1936లో మహమ్మదన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం స్కాట్లండు పోయి, సెల్టిక్ జట్టులో వట్టికాళ్లకు గుడ్డపట్టీలు చుట్టుకొని ఆడి, అక్కడివారిని ఆశ్చర్యపరచి, ఇంటిమీద బెంగతో తిరిగివచ్చినాడు. ఆ దారిలో తెలుగునేలనుండి నడచినది ఒక బాలిక. నిజామాబాదు జిల్లా తండాలో రైతుకుటుంబాన పుట్టిన సౌమ్య గుగులోతు 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ మహిళాజట్టులో చేరినది. ఆమెతోబాటు మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌కూడ పోయినది. ఇటలీకి అడ్రియాటిక్ సముద్రం ఒక్కటే అడ్డున్న దేశం అది. తండానుండి జాగ్రెబ్ ఎంత దూరమో భూగోళ పటంలో విద్యార్థులు కొలిచి చూచుకొనవచ్చును. పటంలో కనబడని దూరం అంతకంటె పెద్దది.

అక్కడినుండి తిరిగివచ్చిన సౌమ్య కొంతకాలానికి కలకత్తా చేరినది. 2024–25లో మహిళల జాతీయలీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆమె ముందువరుస ఆటగత్తె. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి పురస్కారాన్ని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెకే ఇచ్చినది. ఆమె తొడిగినది ఎరుపు, బంగారు రంగుల చొక్కా. 1957లో అమ్ముగూడనుండి వచ్చిన బలరాంకు క్లబ్బువారు ఇచ్చినదికూడ ఆ రంగుల చొక్కాయే.